స్మార్ట్ మీటరు పెట్టాక పెరిగిన 52 యూనిట్లు ఎక్కడివి?

ప్రశ్న: మా ఇంట్లో చాలా ఏళ్లుగా చక్రం తిరిగే పాత మీటరే ఉండేది. రెండు నెలల కిందట దాన్ని తీసేసి స్మార్ట్ మీటరు పెట్టారు. అంతకుముందు నెలకు 210 యూనిట్ల దగ్గర ఆగేది. కొత్త మీటరు వచ్చాక మొదటి బిల్లు 305 యూనిట్లు, రెండోది 262. ఇంట్లో నలుగురం ఉంటాం. ఒక ఏసీ, గీజర్, ఫ్రిజ్, ఇన్వర్టర్, నీళ్ల మోటారు ఉన్నాయి. వాడకం ఏమీ మారలేదు. మీటరు పరుగెడుతోందని అందరూ అంటున్నారు. మా ఎలక్ట్రీషియన్ ప్లగ్‌లో పెట్టే పవర్ సేవర్ పెట్టె కొనమంటున్నాడు. కొనవచ్చా? బిల్లు తగ్గే దారేమిటి? వచ్చే ఏడాది డాబా మీద సోలార్ పెట్టించాలని కూడా ఉంది.

సమాధానం: పెట్టె కొనకండి. ఎందుకో కాస్త ఆగి చెబుతాం. ముందు మీరు రాసిన అంకెల సంగతి చూద్దాం.

305నీ 262నీ ఒకే గాటన కట్టకండి. 305 వచ్చింది మీటరు మార్చిన నెలలో. ఆ బిల్లులో రెండు ముక్కలుంటాయి. పాత మీటరు తీసేసిన రోజు రీడింగు వరకు ఒకటి, కొత్త మీటరు మొదలైనప్పటి నుంచి ఇంకొకటి. పాత బిల్లులు నాలుగైదు తీసి, వరసగా పెట్టి చూడండి. ఏ నెలైనా రీడింగు తీయకుండా సగటు వేసి ఉంటే, ఆ నెలల్లో మిగిలిపోయిన యూనిట్లన్నీ పాత మీటరు తీసిన రోజున ఒక్కసారిగా లెక్కలోకి వస్తాయి. అలా వచ్చినవి నిజంగా మీరు వాడినవే, కానీ ఈ నెలవి కావు. స్లాబు లెక్కన బిల్లు వేసే చోట ఆ యూనిట్లను అవి వాడిన నెలలకు పంచి వేయమని అడగవచ్చు. మీటరు మార్చినప్పుడు ఇచ్చిన కాగితంలో పాత మీటరు చివరి రీడింగు, కొత్త మీటరు నంబరు, దాని తొలి రీడింగు ఉంటాయి. తొలి రీడింగు సున్నా కాకుండా 2, 3 యూనిట్లు ఉన్నా కంగారు పడనక్కర్లేదు, ఫ్యాక్టరీలో పరీక్షించినప్పుడు తిరిగినవి అవి. ఆ తొలి అంకెను బిల్లులో తీసేశారో లేదో మాత్రం చూసుకోండి.

అసలు తేల్చుకోవాల్సింది 262. పాత 210 కన్నా 52 ఎక్కువ. నెలకు 720 గంటలు, 52 యూనిట్లంటే 52,000 వాట్ అవర్లు. భాగిస్తే 72 వాట్లు వస్తుంది. అంటే ఒక సీలింగ్ ఫ్యాను రాత్రీ పగలూ ఆగకుండా తిరిగినంత. పెద్ద సామాన్ల మీద అనుమానం పెట్టుకునే ముందు ఈ 72 వాట్ల కోసం వెతకండి. సాధారణంగా ఇలాంటి పెరుగుదల నిద్రపోని చిన్న లోడులోనే, అంటే ఎప్పుడూ కాస్త కరెంటు లాగే వస్తువుల్లోనే దొరుకుతుంది.

పాత చక్రం మీటరు ఈ చిన్న లోడును సరిగా పట్టేది కాదు. ఏళ్ల తరబడి దుమ్ము చేరి, బేరింగు అరిగితే తక్కువ కరెంటుకు ఆ చక్రం బద్ధకిస్తుంది. బాగా తక్కువైతే కదలకుండా నిలబడిపోతుంది కూడా. ఎలక్ట్రానిక్ మీటరులో తిరిగే భాగమే లేదు. 5 ఆంపియర్ల బేసిక్ కరెంటు (మీటరు మీద రాసే మూల కరెంటు) ఉన్న క్లాస్ 1 (ఒక శాతం కచ్చితత్వపు తరగతి) మీటరు 20 మిల్లీ ఆంపియర్ల దగ్గరే లెక్క మొదలుపెట్టాలన్నది ప్రమాణం. 230 వోల్టుల మీద అది 5 వాట్లకు లోపే. రూటరు, సెట్‌టాప్ బాక్సు, రిమోట్‌తో ఆపేసిన టీవీ, గోడకు వదిలేసిన చార్జర్లు, ఇన్వర్టర్ ఇదివరకు కూడా కరెంటు తాగేవే. ఇప్పుడు వాటికి పూర్తి లెక్క పడుతోంది. అందుకని పెరిగినదంతా మీటరు తప్పు కాకపోవచ్చు, అలాగని మీటరు తప్పు చేయదనీ కాదు. పరీక్షించి తెలుసుకోవడమే మేలు. దానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు, మీటరు మీద మెరిసే ఎర్ర లైటు చాలు.

ఆ లైటు పక్కన ఒక అంకె ముద్రించి ఉంటుంది. 1000, 1600, 3200 లాంటివి. ఒక యూనిట్ పూర్తయ్యేసరికి లైటు అన్నిసార్లు మెరుస్తుందని అర్థం. 36 లక్షలను ఆ అంకెతో భాగించి, వచ్చినదాన్ని రెండు మెరుపుల మధ్య సెకన్లతో మళ్లీ భాగిస్తే ఆ క్షణాన ఇల్లు లాగుతున్న వాట్లు తెలుస్తాయి. 3200 మీటరుకైతే 1125ను సెకన్లతో భాగిస్తే సరి. మెరుపుకీ మెరుపుకీ మధ్య 15, 16 సెకన్లు పడితే మీరు వెతుకుతున్న 72 వాట్లు అక్కడున్నట్టే. ఒక్క మెరుపు చూసి తేల్చకండి, పది మెరుపుల కాలం కొలిచి పదితో భాగించండి.

మొదటి పరీక్ష: మెయిన్ స్విచ్ ఆపండి. పది నిమిషాలు లైటును గమనించండి. కొన్ని మీటర్లలో లోడు లేనప్పుడు లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండిపోతుంది, అది మెరుపు కింద లెక్క కాదు. వెలిగి ఆరడమే లెక్క. మెయిన్ ఆపినా మెరుపులు ఆగకపోతే మూడింట్లో ఒకటి జరిగి ఉండాలి: మీటరుకీ మెయిన్‌కీ మధ్య ఎవరో వైరు కలిపారు, లేదా ఆ మీటరు మీది కాదు, లేదా మీటరులోనే లోపముంది. రెండోది నమ్మశక్యంగా అనిపించదు గానీ, అపార్టుమెంట్లలో ఒకే రోజు వరసగా మీటర్లు మార్చినప్పుడు జరిగేదే. పక్క పోర్షన్ వైరు మీ మీటరులోకి, మీది వాళ్ల దాంట్లోకి పోతుంది. మీ మెయిన్ ఆపినప్పుడు ఆగిన మీటరు నంబరూ, మీ బిల్లు మీది నంబరూ ఒకటేనా అన్నది చూస్తే చాలు.

మెయిన్ ఆపినప్పుడు లైటు నిలిచిందా? అయితే రెండో పరీక్ష. అన్ని ఎంసీబీలూ (బోర్డులో ఒక్కో లైనును ఆపే స్విచ్‌లు) కిందికి దించి, మెయిన్ వేసి, ఒక్కో ఎంసీబీని పైకి లేపుతూ మెరుపుల మధ్య కాలం కొలవండి. ఇది ఫ్యాన్లు, లైట్లు, ఏసీ, గీజర్, మోటారు అన్నీ స్విచ్‌ల దగ్గర ఆపి చేయాలి. ఫ్రిజ్, ఇన్వర్టర్ ప్లగ్‌లు కూడా తీసేయండి, ఇన్వర్టర్‌ను విడిగా కొలుద్దాం. లేకపోతే మధ్యలో ఫ్రిజ్ కంప్రెసరో, ఇన్వర్టర్ చార్జింగో అందుకుని లెక్క చెడగొడుతుంది. ఏ ఎంసీబీ లేపినప్పుడు మెరుపులు మొదలయ్యాయో ఆ గదుల్లోనే మీ 72 వాట్లు ఉన్నాయి.

మీ ఇంట్లో మాకు ఎక్కువ అనుమానం ఇన్వర్టర్ మీద. కరెంటు పోని రోజుల్లో కూడా అది లైనుకు తగిలించే ఉంటుంది కదా. బ్యాటరీ మంచిదైతే, నిండాక చార్జింగ్ దాదాపు ఆగిపోయి 20, 30 వాట్లలోపే తీసుకుంటుంది. బ్యాటరీ ముసలిదై ఒక సెల్లు దెబ్బతింటే వోల్టేజీ ఎప్పటికీ నిండిన స్థాయికి చేరదు. చార్జరేమో ఇంకా నిండలేదనుకుని పోస్తూనే ఉంటుంది. పోసిందంతా వేడిగా పోతుంది, డిస్టిల్డ్ వాటర్ తొందరగా తగ్గిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతుంది: ముందు రోజంతా కరెంటు పోకుండా ఉండాలి. అప్పుడు ఇన్వర్టర్ తగిలించి ఉన్నప్పటి వాట్లు కొలిచి, ఆ తర్వాతే దాని ఇన్‌పుట్ ప్లగ్ తీసి మళ్లీ కొలవండి. ఇన్వర్టర్ మీద నడిచే ఫ్యాన్లూ లైట్లూ ఆ సమయంలో ఆపి ఉంచాలి. ప్లగ్ తీసి మళ్లీ పెట్టాక కొలిస్తే తప్పు లెక్క వస్తుంది, తిరిగి తగిలించగానే కాసేపు అది ఎక్కువ లాగడం మామూలే. తేడా 60 వాట్లు దాటితే బ్యాటరీని షాపులో లోడు మీద పరీక్ష చేయించండి. బ్యాటరీ చేత్తో తాకలేనంత వేడిగా ఉన్నా, కుళ్లిన గుడ్ల వాసన వస్తున్నా పరీక్షల దాకా ఆగవద్దు. చార్జింగ్ ఆపి, కిటికీలు తెరిచి, మెకానిక్‌ను పిలవండి.

ఇంకో చోట కూడా దొంగ లోడు దాగి ఉంటుంది. కొన్ని సింగిల్ ఫేజ్ మీటర్లు ఇంట్లోకి కరెంటు తెచ్చే ఫేజ్ వైరులోని కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చే కరెంటునూ విడివిడిగా కొలిచి, ఏది ఎక్కువైతే దానికే యూనిట్లు వేస్తాయి. ఇంట్లో ఎక్కడైనా కరెంటు ఎర్త్‌లోకి కారిపోతుంటే ఫేజ్‌లో ఎక్కువ, న్యూట్రల్‌లో తక్కువ ఉంటుంది. పక్కింటి న్యూట్రల్ మీ న్యూట్రల్‌తో కలిసిపోయినా తేడా వస్తుంది, అప్పుడు వాళ్ల కరెంటు కూడా మీ ఖాతాలో పడవచ్చు. ఇలాంటి మీటర్ల మీద ఎర్త్ అని గుర్తుండే చిన్న లైటో, డిస్‌ప్లేలో గుర్తో ఉంటుంది. అది వెలుగుతోందా చూడండి. వెలుగుతుంటే ఎలక్ట్రీషియన్ చేత క్లాంప్ మీటరుతో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) ఫేజ్, న్యూట్రల్ రెండు వైర్లనూ కలిపి ఒకే క్లాంపులో పట్టించండి. సున్నా రావాలి. 72 వాట్లు కారుతుంటే 0.31 ఆంపియర్లు కనిపిస్తాయి. మామూలుగా ఇది గీజర్ ఎలిమెంటు చీలడం వల్లో, బాత్‌రూమ్ గోడలో తడిసిన వైరు వల్లో వస్తుంది. గీజర్ స్విచ్‌ను పొరపాటున ఫేజ్‌కు కాకుండా న్యూట్రల్‌కు పెట్టి ఉంటే, స్విచ్ ఆపినా కారుతూనే ఉంటుంది. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే స్విచ్) ఉండి పనిచేస్తుంటే ఇంత లీకేజీకి అది ఎప్పుడో పడిపోయేది. లేకపోతే ఇప్పుడైనా పెట్టించండి, అది బిల్లు కోసం కాదు, ప్రాణం కోసం. ఉంటే దాని మీది టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడండి. మీటరు కింది సీలు వేసిన మూతను మాత్రం మీరూ తెరవకండి, ఎలక్ట్రీషియన్‌నూ తెరవనివ్వకండి. అక్కడ మెయిన్ ఆపినా కరెంటు ఉంటుంది.

ఇవన్నీ అయ్యాకే మీటరు వేగం మాట. ఒక హీటరు తీసుకుని, మిగతావన్నీ ఆపి నడపండి. 1000 వాట్లకు గంటకు ఒక యూనిట్ రావాలి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. డిస్‌ప్లేలో దశాంశం తర్వాత ఒక్క అంకే ఉంటే, ఒక యూనిట్ మీద 0.1 అంటేనే పది శాతం తేడా. కాబట్టి గంటతో ఆపకుండా మూడు యూనిట్ల దాకా నడపాలి, లేదా మెరుపులు లెక్కపెట్టాలి. 3200 మీటరు 1000 వాట్లకు నిమిషానికి 53 సార్లు మెరుస్తుంది. కంటితో తప్పిపోతారు, ఫోనులో వీడియో తీసి నెమ్మదిగా నడిపి చూడండి. రెండో పొరపాటు వోల్టేజీ. హీటరు మీద రాసిన 1000 వాట్లు 230 వోల్టులకు మాత్రమే. 207 వోల్టులే వస్తుంటే అదే హీటరు 810 వాట్లు తీసుకుంటుంది. వోల్టేజీ ఎక్కువుంటే వాట్లూ పెరుగుతాయి, అది చూసి మీటరు పరుగెడుతోందనుకుంటారు. మీటరు బటన్ నొక్కుతూ పోతే వోల్టులు, ఆంపియర్లు వరసగా కనిపిస్తాయి. వాటిని రాసుకుని లెక్క వేయండి. హీటరుకు వోల్టులూ ఆంపియర్లూ గుణిస్తే వాట్లు సరిగ్గా వస్తాయి. ఆ ఆంపియర్లు మీటరు చెప్పేవే కాబట్టి క్లాంప్ మీటరుతో కూడా సరిచూసుకోండి. మూడు, నాలుగు శాతం తేడాను ఇంట్లో తేల్చలేం. అంతకు మించి ప్రతిసారీ ఒకే వైపు తేడా వస్తుంటే, రాసుకున్న కాగితం జతచేసి చెక్ మీటరు (సరిచూడ్డానికి మీ మీటరుతో పాటు పెట్టే రెండో మీటరు) పెట్టమని విద్యుత్ సంస్థకు రాతపూర్వకంగా అడగండి. చెక్ మీటరు పెట్టే రోజున రెండింటి రీడింగులూ మీ ఎదుటే రాయించి, ఫోటో తీసుకోండి.

ఇప్పుడు పవర్ సేవర్ పెట్టె. లోపల ఉండేది ఒక కెపాసిటరు, ఒక చిన్న ఎల్ఈడీ, వాటికి చేర్చిన కాస్త సర్క్యూటు. అమ్మేవాళ్లు మోటారు నడుస్తుండగా క్లాంప్ మీటరు పట్టి, పెట్టె తగిలించగానే ఆంపియర్లు తగ్గడం చూపిస్తారు. ఆ తగ్గడం అబద్ధం కాదు. మోటారు లాగే కరెంటులో కొంత భాగం పని చేయకుండా లైనులోకి వెళ్లి వస్తుంటుంది. దాన్ని కెపాసిటరు అక్కడికక్కడే సరిపెడుతుంది. కానీ ఇళ్ల బిల్లు మామూలుగా కిలోవాట్ అవర్ల మీద వేస్తారు, ఆ వెళ్లి వచ్చే భాగాన్ని మీటరు మొదటి నుంచీ లెక్కలోకి తీసుకోదు. లెక్కలో లేనిదాన్ని తగ్గిస్తే బిల్లు ఎలా తగ్గుతుంది? ఆ పెట్టె తనకు కావలసిన కాస్త కరెంటు తనే తీసుకుంటుంది కూడా. కేవీఏహెచ్ లెక్కన, అంటే ఆ వెళ్లి వచ్చే భాగాన్ని కూడా కలిపి బిల్లు వచ్చే కనెక్షన్లకు మాత్రం కెపాసిటరు పనికొస్తుంది. అక్కడైనా మోటారుకు తగిన సైజుది, మోటారుతో పాటే ఆగి నడిచేది పెట్టించాలి.

బిల్లు తగ్గించే పనికి స్మార్ట్ మీటరు యాప్ తెరవండి. చాలావాటిలో అరగంటకోసారో, 15 నిమిషాలకోసారో వాడకం కనిపిస్తుంది. తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా, ఏసీ వేయని రాత్రి చూడండి. అరగంటకు 0.05 యూనిట్ అంటే 100 వాట్లు. 100 వాట్లు నెలంతా నడిస్తే 72 యూనిట్లు. ఒక రోజు సున్నా చూపించి మర్నాడు రెండింతలు చూపిస్తే మీటరు దూకిందనుకోకండి. సిగ్నల్ అందక ఆగిన వివరాలు తర్వాత చేరాయన్నమాట. మొత్తం రీడింగులో తేడా రాదు.

ఏసీ ఉన్న ఇంట్లో మొదటి పొదుపు అక్కడే. సెట్టింగు ఒక డిగ్రీ పెంచితే ఏసీ వాడకం సుమారు 6 శాతం తగ్గుతుంది. 22 నుంచి 26కు మార్చి ఫ్యాను తిప్పుకుంటే చలవలో పెద్ద తేడా తెలియదు, యూనిట్లలో మాత్రం తెలుస్తుంది. ఫిల్టరు రెండు వారాలకోసారి కడగాలి.

ఫ్యాన్ల మీద ఎవరికీ ధ్యాస ఉండదు. 75 వాట్ల ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న) ఫ్యానుకు 11 యూనిట్ల లోపే. ఎక్కువసేపు తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే 32 యూనిట్లు మిగులుతాయి, గెస్ట్ రూమ్ ఫ్యాను మార్చి లాభం లేదు. బీఎల్‌డీసీ పెట్టినప్పుడు గోడ మీది పాత రెగ్యులేటరును లైనులోంచి తీసేయించండి. దాన్ని అలాగే ఉంచి తగ్గించి పెంచితే ఫ్యానులోని సర్క్యూటు కాలిపోవచ్చు.

గీజర్ గురించి ఒక లెక్క. 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 0.61 యూనిట్ కావాలి. 2000 వాట్ల గీజర్‌కు 18 నిమిషాలు. వాటిలో చన్నీళ్లు కలుపుకుంటే 40 డిగ్రీల నీళ్లు 35 లీటర్లవుతాయి. థర్మోస్టాట్ బాగుంటే పావుగంట అటూ ఇటూ మరిచిపోయినా పోయేదేం లేదు. రోజంతా వేసి ఉంచితేనే నష్టం, చల్లారడం, మళ్లీ కాగడం పగలంతా సాగుతుంటుంది. ఎప్పుడూ వేసి ఉంచితేనే చవకని చెప్పేవాళ్లు ఉంటారు, నమ్మవద్దు.

ఫ్రిజ్ వెనక జానెడు ఖాళీ, తలుపు రబ్బరులో కాగితం పెట్టి లాగితే బిగువుగా రావడం, ఈ రెండూ చూస్తే చాలు. మోటారుకైతే ట్యాంకు నిండే సమయం రాసి పెట్టుకోండి. ఒక హెచ్‌పీ మోటారు గంటకు సుమారు 1.1 యూనిట్ తీసుకుంటుంది. 20 నిమిషాల్లో నిండే ట్యాంకుకు 40 నిమిషాలు పడుతుంటే ఫుట్ వాల్వు కారుతోందో, జాలీ మూసుకుపోయిందో, కెపాసిటరు బలహీనమైందో చూపించుకోవాలి.

మీ బిల్లు స్లాబుల లెక్కా, వేళను బట్టి మారే రేటా అన్నది బిల్లు వెనక చూసుకోండి. స్లాబులే అయితే వాషింగ్ మెషీన్‌ను అర్ధరాత్రి వేసుకున్నా పైసా మిగలదు. అక్కడ తగ్గించాల్సింది యూనిట్లనే, పై స్లాబులో పడే చివరి యూనిట్లే అన్నిటికన్నా ఖరీదు. వేళల రేటు ఉంటే మాత్రం మోటారు, వాషింగ్ మెషీన్, గీజర్‌ను చవక గంటలకు జరపండి.

గరిష్ఠ డిమాండ్, అంటే ఇల్లు అన్నిటికన్నా ఎక్కువగా లాగిన వాట్లు కూడా మీటరు రాసుకుంటుంది. ఒక్క క్షణపు ఎగుడు కాదది, అరగంట లేదా పావుగంట సగటు. 2 కిలోవాట్ల గీజర్ అరగంటలో 15 నిమిషాలు నడిస్తే ఒక కిలోవాట్‌గానే లెక్కకొస్తుంది. ఏసీ, గీజర్, ఇస్త్రీపెట్టె ఒకే అరగంటలో పడకుండా చూసుకుంటే డిమాండ్ అదుపులో ఉంటుంది. ఏడాది పొడుగునా అది మంజూరైన లోడుకు (మీ కనెక్షన్‌కు విద్యుత్ సంస్థ ఒప్పుకున్న కిలోవాట్లు) బాగా తక్కువుంటే, కిలోవాట్‌కింత అని స్థిర చార్జీ వేసే చోట లోడు తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎండాకాలపు నెలలు కలుపుకుని చూశాకే పెట్టండి. తగ్గించాక ఏసీ కాలంలో దాటితే జరిమానా పడవచ్చు, కొన్ని చోట్ల మీటరే సరఫరా ఆపేస్తుంది.

ఇక సోలార్. ప్యానెళ్లు బిగించాక, మీటరును నెట్ మీటరుగా (తీసుకున్నదీ పంపినదీ విడివిడిగా రాసేది) మార్చకముందే ఇన్‌స్టాలర్ తొందరపడి స్విచ్ వేస్తే ఒప్పుకోకండి. దొంగతనాన్ని పట్టడానికి కొన్ని మీటర్లను కరెంటు ఎటు పారినా వాడకంగానే రాసుకునేలా సెట్ చేస్తారు. అలాంటి దాని మీద సోలార్ నడిపితే మీరు బయటికి పంపిన యూనిట్లు కూడా మీ బిల్లులోనే కలుస్తాయి. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, ఇంట్లో లోడు తక్కువున్నప్పుడు డిస్‌ప్లేలో ఎక్స్‌పోర్ట్ అంకె పెరుగుతూ, ఇంపోర్ట్ అంకె కదలకుండా ఉందని కళ్లారా చూశాకే పని పూర్తయినట్టు సంతకం పెట్టండి.